ప్రతి శుక్రవారం సాయంకాలం ఐదు గంటలకు

మొన్న మా మనవరాలు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫ్లాటు అద్దెకు మాట్లాడుకుని, అగ్రిమెంటు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. సాక్షి సంతకం కావాలట. "ఇక్కడ పెట్టెయ్ అమ్మమ్మా, అన్నీ మామూలు షరతులే, చదవక్కర్లేదు" అని వేలితో చోటు చూపించింది. ఈ కాలం పిల్లలు కాగితం చేతికిస్తే సంతకం చోటు వెతుకుతారు గాని, దాని పైన ఏం రాసి ఉందో వెతకరు. నేను కళ్లజోడు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. గడువు పదకొండు నెలలు. గోడలకు మేకులు కొట్టరాదు. కుక్కలను పెంచరాదు. బాల్కనీలో బట్టలు రోడ్డువైపు ఆరవేయరాదు. సరే, ఎవరి గోడలు వాళ్లకు ముద్దు. తొమ్మిదో షరతు దగ్గర నా వేలు ఆగింది. 'అద్దెకున్నవారు సదరు ఇంటిలో ప్రార్థనలు, భజనలు, కూడికలు ఏ రూపంలోనూ జరపరాదు.' మనవరాలు ఫోనులో టైము చూసుకుంటోంది. నేను పెన్నుకు మూత పెట్టేశాను. "ఏమైంది అమ్మమ్మా" అంది. ఏమైందో చెప్పాలంటే దాదాపు యాభై ఏళ్లు వెనక్కి నడిచి, గవర్నరుపేటలో ఒక సందు చివరి ఇంటి దాకా వెళ్లాలి.

ఆ ఇంట్లో వెనక వాటా మాది. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా, పెరట్లో జామచెట్టు, దాని పక్కన మునిసిపాలిటీ కుళాయి. ముందు వాటాలో ఓనరు గారు, ఆయన కుటుంబం. మేము ముగ్గురం ఆడవాళ్లం. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోతే, అమ్మ నన్ను చంకనేసుకుని అమ్మమ్మ దగ్గరికి వచ్చేసింది. అమ్మ ఆస్పత్రిలో నర్సు. అమ్మమ్మ మిషను బళ్లో టీచరు చేసి రిటైరయింది. రిటైరయిందని ఆమెకు ఎవరూ నమ్మకంగా చెప్పలేదనుకుంటాను. సందులో ఎవరి పిల్లవాడు కనిపించినా నిలబెట్టి ఎక్కం అప్పజెప్పించుకునేది. అద్దె కాగితం ఆమె పేరునే ఉండేది. ఓనరు గారు కూడా ఆమెను "టీచరు గారూ" అనే పిలిచేవారు. ఆయన చెడ్డమనిషని నేను ఇప్పటికీ అనను. మెత్తగా మాట్లాడేవారు, మొలకు తాళాల గుత్తి పెట్టుకుని పెరట్లో అటూ ఇటూ తిరిగేవారు, జామకాయలు కోసినప్పుడు మాకు సగం పంపేవారు. ఆ సగంలో పచ్చివే ఎక్కువ ఉండేవన్నది వేరే సంగతి.

నాకు తొమ్మిదో ఏట కీళ్ల జ్వరం వచ్చింది. మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచి, నెలల తరబడి మంచం దిగలేదు. గుండెకు కూడా ఏదో అయిందని, పిల్లను బడికి పంపి పరుగులెత్తించవద్దని పెద్ద డాక్టరు అమ్మకు చెప్పాడు. అమ్మమ్మ ఆ మంచం పక్కనే మోకాళ్ల మీద ఉండి ఏం మొక్కుకుందో గాని, నేను లేచి వరండా దాకా నడిచిన రోజు సాయంత్రమే గొడుగు తీసుకుని ప్రెస్సుకు వెళ్లింది. మా ఇంట్లో కృతజ్ఞత నోటితో చెబితే చాలేది కాదు, అచ్చు వేయించాలి. వంద కార్డులు, చుట్టూ నీలం పువ్వుల అంచు. 'మా మనవరాలిని ప్రభువు లేవనెత్తినందున, ఇకమీదట ప్రతి శుక్రవారం సాయంకాలము ఐదు గంటలకు మా గృహమందు ప్రార్థన కూడిక జరుగును. ఎల్లరును రావలెనని కోరుచున్నాము.' సంఘంలో అందరికీ పంచింది. సందులో అందరికీ పంచింది. ఓనరు గారికి ఒక కార్డు, రెండు అరటిపళ్లు తనే స్వయంగా ఇచ్చి వచ్చింది. ఆయన పళ్లు తిన్నారు, కార్డు బీరువాలో దాచుకున్నారు.

మొదటి మూడు శుక్రవారాలు కూడిక మా వరండాలోనే జరిగింది. నాలుగో వారం ఒక అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుని, "మా ఇంట్లో కూడా ఒక్కసారి పెట్టండి టీచరు గారూ, మా ఆయన తాగుడు మానాలి" అంది. అమ్మమ్మ కాదనలేకపోయింది. ఒకరింట్లో పెట్టాక రెండోవారు ఊరుకుంటారా? గుణదలలో మాత కొండ కింద ఉండే ఒక పెద్దమ్మ, బస్సు కండక్టరు గారి భార్య, ఆస్పత్రి క్వార్టర్సులో నర్సులు, ఇలా కూడిక పదకొండు ఇళ్లు తిరగడం మొదలుపెట్టింది. మా వంతు పదకొండు వారాలకొకసారి వచ్చేది. మిగతా శుక్రవారాల్లో అమ్మమ్మ చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి ఇంటి దూలాల వైపు చూసి, "సర్దుకో తండ్రీ" అని గొణిగి బయలుదేరేది. మొక్కింది ఈ ఇంట్లో చేస్తానని, చేస్తున్నది ఊరంతా. ఆ లెక్క ఆమెను ఎప్పుడూ గుచ్చుతూనే ఉండేదని నాకు చాలాకాలం తెలియదు.

నేను బడికి వెళ్లలేదు కాబట్టి ఆ కూడికే నాకు బడి అయింది. ఒక నోటు పుస్తకం నా చేతికిచ్చి, ప్రతి వారం కూడిక ఎవరింట జరిగింది, ఎంతమంది వచ్చారు, ఎవరు ప్రార్థన చేశారు, ఏ కీర్తన పాడారు, అన్నీ రాయమంది అమ్మమ్మ. నేను రాస్తే శనివారం పొద్దున్నే ఎర్రసిరాతో దిద్దేది. 'అక్షరములు తాగినవానివలె నడుచుచున్నవి, మరల వ్రాయుము' అని అంచున రాసేది. పదేళ్ల పిల్లకు కీర్తనల కన్నా ముఖ్యమైనవి వేరే ఉంటాయి కాబట్టి, ఆ రోజు తినడానికి ఏం పెట్టారో కూడా రాసేదాన్ని. అమ్మమ్మ దాన్ని మాత్రం ఎప్పుడూ కొట్టివేయలేదు. "కళ్లతో చూసింది చూసినట్టు రాయి. నీకు నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి ఏరకు" అనేది. అలా ఎనిమిదేళ్లలో నాలుగు పుస్తకాలు నిండాయి.

నాకు పదిహేడు దాటాయి. అప్పటికి డెబ్బయ్యో దశకం సగం పైగా గడిచింది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను కడుతున్నారు, ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు దిగుతున్నారు, బెజవాడలో వాళ్లు పడుకోవడానికి మంచాలు చాలడం లేదు అని ఊరంతా అనుకునేవారు. ఆ మాట మా ఓనరు గారి చెవిన కూడా పడింది. రెండు వాటాలూ పడగొట్టి మూడంతస్తుల లాడ్జీ కట్టాలని ఆయనకు పుట్టింది. ఒకరోజు వరండా మెట్టు మీద నిలబడి, "టీచరు గారూ, వేరే ఇల్లు చూసుకోండి, మీకేం, మీ దేవుడు ఎక్కడైనా చూపిస్తాడు" అన్నారు. "చూపించాడు గదండీ, ఇదే" అంది అమ్మమ్మ. మరో నెలకు ప్లీడరు నోటీసు వచ్చింది. అది వచ్చిన వారానికి, మేము లేచి చూసేసరికి పెరట్లో కుళాయికి చెక్కపెట్టె బిగించి తాళం వేసి ఉంది.

అమ్మ ఆ పూట డ్యూటీ నుంచి వచ్చి తాళం చూసింది. తెల్ల చీర మార్చుకోకుండానే రెండు బిందెలు తీసుకుని వీధి చివర పంపు నుంచి నీళ్లు మోసింది. ఓనరు గారి గుమ్మం ముందు నుంచే వెళ్లింది, ముందు నుంచే వచ్చింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నాలుగోసారి వస్తూ అమ్మ ఆగి, "పేపరు తిరగేసి పట్టుకున్నారండీ" అని చెప్పి వచ్చింది. ఆదివారం గుడి దగ్గర సంఘ పెద్ద ఒకాయన అమ్మను పక్కకు పిలిచి, "కోర్టు మెట్లెక్కడం మనలాంటివాళ్లకు తగదమ్మా, శాంతంగా దిగిపోవడం మంచిది" అన్నారు. "సరేనండి. దిగి ఎక్కడికి పోవాలో ఆ ఇల్లు కూడా మీరే చూపించండి, రేపే సామాను వేసుకొస్తాం" అంది అమ్మ. ఆయనకు అప్పుడే ఎవరో పిలిచినట్టు గుర్తొచ్చింది.

మాకు లాయరును చూపించింది కండక్టరు గారి భార్య. వన్‌టౌనులో ఒక చేనేత బట్టల కొట్టు, ఆ కొట్టాయన కూతురు కొత్తగా లా చదివింది. ఆడపిల్లకు పెద్ద కేసులు ఎవరిస్తారు? ఏ సీనియరు దగ్గర చేరితే ఆయన వాయిదాలు అడగడానికి పంపేవాడు. అందుకని ఆమె పొద్దున్నపూట నాన్నగారి కొట్టు వెనక గదిలో కూర్చుని, ఇళ్లు ఖాళీ చేయమని నోటీసులు అందుకున్నవాళ్ల కాగితాలు ఊరికే చూసిపెట్టేది. మేము వెళ్లేసరికి బట్టల బేళ్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. కొత్త బట్టల గంజి వాసన. లాయరమ్మ ఒక చేత్తో నోటీసు చదువుతూ, రెండో చేత్తో మీటరు బద్దతో ముఖ్యమైన లైను మీద కొట్టి చూపించేది. ఇరవయ్యారేళ్లుంటాయేమో. మా నోటీసు రెండుసార్లు చదివి, "కుళాయికి తాళం ఎవరిని అడిగి వేశాట్ట?" అంది. "ఆయన కుళాయే గదమ్మా" అంది అమ్మమ్మ. "కాదు మామ్మగారూ. మీరు అద్దెకు తీసుకుంది నాలుగు గోడలే కాదు, అందులో బతకడానికి కావలసినవి కూడా. మీరు అద్దెకుంటున్నారు, ఆయన దయ మీద ఉండటం లేదు." అమ్మ ముఖం ఆ మాటకు ఎలా విచ్చుకుందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. ఫీజు సంగతి అడిగితే, "మీ అమ్మాయి చేతిరాత బాగుంటుందట కదా, నాకు పిటిషన్లు కాపీ చేసిపెట్టమనండి" అంది. ఆ వారమే అర్జీ వేసింది. పది రోజుల్లో కోర్టు బంట్రోతు వచ్చి నిలబడితే, ఓనరు గారు తన గుత్తిలోంచి తాళంచెవి తనే వెతికి పెట్టె తీశారు. ఆ రోజు కుళాయి కింద కాళ్లు పెట్టుకుని అమ్మమ్మ చాలాసేపు స్తోత్రం చెప్పుకుంది. ఓనరు గారి పేరు కూడా చెప్పి స్తోత్రం చెప్పింది. "ఆయనెందుకే మధ్యలో" అని అమ్మ కసిరింది.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. ఇల్లు ఖాళీ చేయించమని ఓనరు గారు వేసిన దావాలో లాడ్జీ ఊసే లేదు. "లాడ్జీ కోసమంటే కోర్టు సవాలక్ష ప్రశ్నలు అడుగుతుంది. తప్పు మీదంటే ఒక్కదానితో పనైపోతుంది" అని వివరించింది లాయరమ్మ. తప్పు ఏమిటంటే, కాపురానికని అద్దెకు తీసుకున్న ఇంటిని మేము ప్రార్థన మందిరం చేశామట. రుజువుగా ఒక కాగితం జతచేశారు. చుట్టూ నీలం పువ్వుల అంచు. ఎనిమిదేళ్లయినా మడత పడలేదు. అమ్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, తను అచ్చు వేయించిన అక్షరాలను తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇందులో కష్టమేముంది మామ్మగారూ" అంది లాయరమ్మ. "కూడిక ఊరంతా తిరిగింది, మీ ఇంట్లో ప్రతి శుక్రవారం జరగలేదు. బోనెక్కి ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

"జరగలేదని చెప్పమంటావా అమ్మాయీ? నలుగురిలో నిలబడి?"

"నిజమే కదండీ."

"నిజమే. అందుకే సిగ్గు."

అప్పుడు తెలిసింది మాకు, ఎనిమిదేళ్లుగా ఆమె దూలాల వైపు చూసి ఏం సర్దుకోమంటోందో. మొక్కు తీర్చలేదని దేవుడితో చెప్పుకోవడం ఒకటి, బంట్రోతు ముందు, గుమస్తాల ముందు చెప్పుకోవడం ఒకటి. బోనెక్కనని తేల్చేసింది అమ్మమ్మ. ఇల్లు పోతుందని అమ్మ బతిమాలింది, అరిచింది, అన్నం ముందు కూర్చోనని బెదిరించింది. అమ్మమ్మ కదల్లేదు. నేను పెట్టెలోంచి నా నాలుగు పుస్తకాలు తీసుకెళ్లి బేళ్ల మీద పెట్టాను. లాయరమ్మ అవి తిరగేస్తూ నవ్వుతూ, మూడో పుస్తకం మధ్యలో ఒక పేజీ దగ్గర నవ్వు ఆపేసింది. "మామ్మగారూ, ఇది చాలు" అంది. అమ్మమ్మ వంగి చూసి పుస్తకం మూసేసింది. ఓనరు గారి తల్లి ఆఖరి జబ్బులో ఉండగా అమ్మమ్మను పిలిపించుకున్నప్పటి సంగతి అది. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. "చావు మంచం దగ్గర చేసిన ప్రార్థన కోర్టులో వాడుకోవడానికి కాదు. నువ్వు గాని, ఇది గాని ఆ మాట ఎత్తితే నేను ఈ పూటే సామాను సర్దుతాను" అంది. లాయరమ్మ మీటరు బద్ద కింద పెట్టి, "ఎత్తనండి" అని మాటిచ్చింది. ఆమె మాట తప్పలేదు. నేనూ తప్పలేదు.

వాయిదా రోజున కోర్టు అనుమతి తీసుకుని లాయరమ్మ ముందుగా నన్ను బోనెక్కించింది. అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. నేను అప్పటిదాకా ఆస్పత్రి, గుడి తప్ప నలుగురు మగవాళ్లున్న చోట నోరు తెరిచి ఎరగను. జ్వరం నాటి నుంచి నా మోకాళ్లు ఎక్కడికీ వద్దనే అంటాయి, వాటి మాట వినే అలవాటు నాకు లేదు. ఓనరు గారి తరఫు ప్లీడరు పెద్దాయన. గౌను భుజం మీదికి లాక్కుంటూ లేచారు.

"ఏం చదువుకున్నావమ్మా?"

"ఇంట్లోనే చదువుకున్నానండి."

"అంటే ఏ బడీ చూడలేదు. ఒక్క పరీక్ష కూడా పాసవలేదు."

"ఇదే మొదటిదండి" అన్నాను.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆయన నా పుస్తకాలు చేతిలోకి తీసుకున్నారు. "ఈ నాలుగూ దావా పడ్డాక నెల రోజులు కూర్చుని రాశావు, అవునా?" అన్నారు. "కాదండి, మొదటి పుస్తకం నుంచి వరసగా చూడండి" అన్నాను. జడ్జీ గారు చెయ్యి చాపి అడిగి తీసుకున్నారు. మొదటి పుస్తకంలో అక్షరాలు గచ్చకాయలంత ఉన్నాయి, పేజీకి ఏడు లైన్లు. రెండో దానిలో కాస్త తగ్గాయి. మూడో దానికి లైను మీద కూర్చోవడం నేర్చుకున్నాయి. నాలుగో దానిలోవి మా అమ్మమ్మ చేతిరాతకు అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. అన్నిటా ఎర్రసిరా. జడ్జీ గారు 'తాగినవానివలె' దగ్గర కాసేపు ఆగి, పుస్తకాలు మళ్లీ ప్లీడరు గారికి అందించి, "పిల్ల పెరిగినట్టు రాత కూడా పెరిగిందండీ. నెల రోజుల్లో పెరగదు" అన్నారు.

ప్లీడరు గారికి అక్కడ ఆపేసి ఉంటే బాగుండేది. కానీ జనం నవ్వింది ఆయన్ను చూసి, దాన్ని తిరిగి నా మీదికి మళ్లించాలనిపించింది. చేతికొచ్చిన పుస్తకం తెరిచి గొంతు పెంచి చదవడం మొదలుపెట్టారు. "'ఈ వారం కూడిక కండక్టరు గారి ఇంట. పదిహేను మంది. పెసరట్లు. అల్లం పచ్చడిలో ఉప్పు ఎక్కువ.' ఇది ప్రార్థన పుస్తకమా, హోటలు పుస్తకమా?" కోర్టంతా నవ్వింది. ఇంకో పేజీ తిప్పారు. "'ఈ వారం నర్సుల క్వార్టర్సు. ఉప్మా చాలలేదు.'" మళ్లీ నవ్వులు. ఇంకో పేజీ. "'ఈ వారం కూడిక మన ఓనరు గారి ఇంట...'" ఆయన గొంతు సగంలో దిగిపోయింది. పుస్తకం మూయబోయారు.

"చదవండి" అన్నారు జడ్జీ గారు.

"అంత ముఖ్యమైనది కాదండి..."

"ఇందాకటి ఉప్మా ముఖ్యమైనదే కదా. చదవండి."

ఆయన చదివారు. ఈసారి చిన్నగా చదివారు గాని, అందరికీ వినపడింది. "'వారి తల్లిగారు కోరినందున. పెద్దావిడ మంచం చుట్టూ తొమ్మిది మందిమి. చాపలు ఓనరు గారే పరిచారు. కాఫీ ఓనరు గారే అందించారు. అమ్మమ్మ ప్రార్థన చేసింది. పెద్దావిడ అమ్మమ్మ చెయ్యి వదలలేదు. వెళ్లేటప్పుడు ఓనరు గారు మళ్లీ వచ్చే శుక్రవారం కూడా రమ్మన్నారు.'"

లాయరమ్మ తల ఎత్తకుండా తన కాగితాలు సర్దుకుంటోంది. జడ్జీ గారు ఓనరు గారి వైపు చూసి, "నిజమేనా" అని అడిగారు. ఆయన లేచి నిలబడ్డారు. కాదనవచ్చు, ఆయన్ను పట్టుకునేవాళ్లు లేరు. తాళాల గుత్తి తడుముకుంటూ, "మా అమ్మ అడిగిందండి" అన్నారు. అంతే అన్నారు. బయటికి వచ్చాక నేను, "ఆయన ఆ పేజీ చదువుతారని మీకు ముందే తెలుసా" అని లాయరమ్మను అడిగాను. "వెక్కిరించే మనిషి ఒక్క పేజీతో ఆగడమ్మా" అంది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే అమ్మమ్మ సంతోషించలేదు. గుమ్మానికి ఆనుకుని చాలాసేపు ముందు వాటా వైపు చూస్తూ కూర్చుంది. "ఆయన తన తల్లి సంగతి పదిమందిలో ఒప్పుకున్నాడు. నా సంగతి నేను ఒప్పుకోవద్దూ" అంది చివరికి. మర్నాడు పొద్దున్నే తెల్లచీరకు గంజి పెట్టుకుంది. తరవాతి వాయిదాకు బోనులో నిలబడ్డ మా అమ్మమ్మను చూస్తే, తరగతి గదిలోకి వచ్చిన టీచరును చూసినట్టు బంట్రోతు కూడా నిటారుగా నిలబడ్డాడు.

ప్లీడరు గారు ఈసారి జాగ్రత్తగా ఉన్నారు. నీలం అంచు కార్డు ఎత్తి చూపించారు. "ఇది వేయించింది మీరేనా?" "నేనేనండి." "దేవుడికి మొక్కుకుని వేయించారా?" "మొక్కుకునే." ఆయన కార్డు బల్ల మీద పెట్టి, గౌను సవరించుకుని, "అయితే టీచరు గారూ, మొక్కు తీర్చారా, ఎగ్గొట్టారా? తీర్చానంటే అది మందిరమే, కాపురం కాదు. ఎగ్గొట్టానంటే, దేవుడికే మాట తప్పిన మనిషి మాట ఈ కోర్టు ఎలా నమ్మాలి?" అన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎటు చెప్పినా ఇల్లు పోయేటట్టే ఉంది. లాయరమ్మ లేవబోయింది. అమ్మమ్మ ఆమెను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

"తప్పానండి" అంది. "పదకొండు శుక్రవారాల్లో ఒకటి తీర్చాను, పది తప్పాను. ఎనిమిదేళ్లుగా తప్పుతూనే ఉన్నాను. ఆ మాట నేను రోజూ ఆయనకు చెప్పుకుంటూనే ఉన్నాను, ఇవాళ మీకూ చెబుతున్నాను. అయితే బాబూ, నేను మాట తప్పింది ఆయన దగ్గర. ఆయన ఇంతవరకు నాకు నోటీసు పంపలేదు. ఈయనెందుకు పంపారో మాత్రం నాకు తెలియలేదు."

జడ్జీ గారు చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. ప్లీడరు గారు కార్డు కాగితాల్లో పెట్టేసి కూర్చున్నారు.

తీర్పు వచ్చేసరికి ఎండాకాలం వెళ్లి ముసురు పట్టింది. దావా కొట్టేశారు. పదిమంది కలిసి ఇంట్లో దేవుణ్ణి తలుచుకున్నంత మాత్రాన ఇల్లు ఇల్లు కాకుండా పోదని రాశారట. ఆ వాక్యాన్ని లాయరమ్మ మీటరు బద్దతో కొట్టి కొట్టి చదివింది. అమ్మమ్మ కళ్లు తుడుచుకుని, "ఇక వచ్చే శుక్రవారం నుంచి ప్రతి వారం మా ఇంట్లోనే" అంది. లాయరమ్మ నెత్తి పట్టుకుంది. "మామ్మగారూ, ఏ కారణం మీద గెలిచామో దాన్నే వారం తిరక్కుండా పాడు చేస్తారా? అవతలాయన అప్పీలుకు వెళ్లడానికి ఇంకా గడువుంది." అమ్మమ్మ ఆలోచించింది. టీచరు కదా, టైంటేబుల్ వేయడం ఆమెకు కొత్త కాదు. "ఒక్కదాన్ని కూర్చుని చేసుకుంటే తప్పుందా?" "లేదండి." "పక్కన దీన్ని కూర్చోబెట్టుకుంటే?" "అదీ లేదు." "అయితే కూడిక ఆరింటికి మార్చండి. ఐదింటికి నాకు పనుంది" అంది. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం ఐదు గంటలకు ఆమె, నేను మా వరండాలో కూర్చుని ప్రార్థన చేసుకుని, ఆ తరవాతే ఎవరి వంతు ఇంటికైనా బయలుదేరేవాళ్లం. తప్పిన శుక్రవారాలు కూడా తీర్చాలని, నెలలో మొదటి శుక్రవారం మాత్రం రెండు ప్రార్థనలు వరసగా చేసేది. ఒకటి ఈ వారానిది, ఒకటి పాతది. పాతవి ఎన్ని తప్పాయో నా పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి లెక్క తప్పే దారి లేదు.

ఓనరు గారు అప్పీలుకు వెళ్లలేదు. మేము ఆ ఇంట్లో ఇంకో తొమ్మిదేళ్లు ఉన్నాం. అమ్మకు క్వార్టర్సు వచ్చాక మా అంతట మేమే ఖాళీ చేశాం. రిక్షాలో ట్రంకుపెట్టె ఎక్కించడానికి ఓనరు గారు ఒక పక్క పట్టారు. అమ్మ రెండో పక్క పట్టింది. ఆ తరవాత అక్కడ లాడ్జీ లేచింది, లాడ్జీ పోయి ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్లు వచ్చాయి. నేను పెళ్లయ్యేదాకా, పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు లాయరమ్మ దగ్గర బేళ్ల మీద కూర్చుని పిటిషన్లు రాశాను. ఎంతమంది కుళాయిల తాళాలు తీయించామో ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఆ రోజున ఓనరు గారు నోటీసు ఇవ్వకపోతే నేను బోనెక్కేదాన్నీ కాదు, నా రాతకు ఒక పని దొరికేదీ కాదు. అందుకని అమ్మమ్మలాగే నేనూ ఓనరు గారి పేరు చెప్పి స్తోత్రం చెప్పుకుంటాను. అమ్మ ఉంటే ఇప్పటికీ కసిరేది.

ఇదంతా విని మా మనవరాలు ఫోను తీసి ఫ్లాటు ఓనరుకు కలిపింది. "అంకుల్, మా అమ్మమ్మ తొమ్మిదో షరతు కొట్టేస్తేగాని సాక్షి సంతకం పెట్టనంటోందండీ" అంది. అవతలి గొంతు నాకూ వినబడింది. "ఆవిడ లాయరా అమ్మా?" "కాదండీ. కానీ కోర్టులో లాయర్లకు చెమటలు పట్టించే కుటుంబమట." "సర్లే, అది అందరికీ వేసే ఫారమ్మా, కొట్టేయమనండి" అన్నాడాయన. నేను స్కేలు అడిగి, తొమ్మిదో షరతు మీద ఒకే ఒక్క తిన్నటి గీత గీసి, పక్కన పొడి అక్షరాలు వేసి, అప్పుడు సంతకం పెట్టాను.

మనవరాలు కాగితాలు తీసుకుని వెళ్లేసరికి గడియారం ఐదుకు దగ్గర పడింది. ఆ రోజు నెలలో మొదటి శుక్రవారం. అమ్మమ్మ పోయేనాటికి తప్పిన పాత శుక్రవారాలు ఇంకా చాలా మిగిలాయి. తరవాత నేను అందుకున్నాను. మధ్యలో కాన్పులని, జబ్బులని, బద్ధకమని ఏళ్లకేళ్లు ఆగిపోయి, నావీ కొన్ని కలిశాయి. ఐదు కొట్టగానే వరండాలో కుర్చీ వేసుకున్నాను. ఈ వారానిది ఒకటి అయింది. ఇక గవర్నరుపేట ఇంటి నాటి శుక్రవారం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. యాభై ఏళ్లయినా దాని సాయంకాలం ఇంకా చీకటి పడలేదు.